పాత కారుకు ధర కట్టడం



2025 సెప్టెంబరు 22న మన దేశంలో పాత చిన్న కార్ల విలువకు ఒక్క రాత్రిలో గండి పడింది. ఆ కార్లు ఎక్కడా గుద్దుకోలేదు, షెడ్డు దాటి బయటికి కూడా రాలేదు. ఆ రోజు నుంచి చిన్న కార్ల మీద జీఎస్‌టీ 28 శాతం నుంచి 18 శాతానికి దిగింది, దాని మీద వేసే సెస్సు కూడా పోయింది. నాలుగు మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు ఇంజను ఉన్న పెట్రోలు కారుకు అంతకుముందు సెస్సుతో కలిపి 29 శాతం పన్ను పడేది. పన్ను కలపని ధర 4 లక్షలనుకుంటే, అంతకుముందు రోజు దాకా 5 లక్షల 16 వేలకు దొరికిన కారు, దసరా నవరాత్రులు మొదలైన ఆ రోజు నుంచి 4 లక్షల 72 వేలకే వచ్చింది. కొత్త కారు కొనేవాళ్ళు సంబరపడ్డారు. పాత కారు అమ్మకానికి పెట్టుకున్నవాళ్ళకు మాత్రం నెల కిందట చెప్పిన ధరకు ఒక్కరూ రావడం లేదెందుకో తెలియలేదు.

ఇందుకు పూర్తిగా ఎదురుగా నడిచిన కథ అంతకు మూడు నాలుగేళ్ళ ముందు జరిగింది. కరోనా తర్వాత ఎలక్ట్రానిక్ చిప్పుల కొరత వచ్చి ప్రపంచమంతటా కార్ల ఫ్యాక్టరీలు కుంటుపడ్డాయి. కొత్త బండి బుక్ చేసుకుంటే నెలల తరబడి ఆగాల్సి వచ్చింది. అమెరికాలో 2022 జనవరి నాటికి పాత కార్ల ధరలు అంతకుముందు ఏడాదితో పోలిస్తే 40 శాతం పెరిగాయని అక్కడి ప్రభుత్వ లెక్కలే చెప్పాయి. ఏడాది పాతబడిన కారు ఏడాది కింద కంటే ఎక్కువ పలికింది.

పాత కారు ధర గురించి మొట్టమొదట గ్రహించాల్సింది ఇదే. దాన్ని ఎంతకు కొన్నారన్నది ఆ ధరను తేల్చదు. కొనడానికి వచ్చినవాళ్ళ చేతిలో ఉన్న డబ్బుతో ఇవాళ బజారులో ఇంకేం దొరుకుతుందన్నదే తేలుస్తుంది. పన్ను తగ్గాక మారుతి ఎస్-ప్రెస్సో ప్రారంభ షోరూము ధర మూడున్నర లక్షల దగ్గరికి, ఆల్టో కె10 ధర 3 లక్షల 70 వేల దగ్గరికి వచ్చాయి. పదేళ్ళు తిరిగిన హ్యాచ్‌బ్యాక్‌కు మూడు లక్షలు అడిగే మనిషి ఎదుట ఇప్పుడు ఆ కొత్త బండ్లు కూడా నిలబడి ఉన్నాయి. అది పైకప్పు. నేల కూడా ఒకటుంది. కేంద్ర ప్రభుత్వం 2021లో ప్రకటించిన తుక్కు విధానం ప్రకారం, గుర్తింపు పొందిన కేంద్రంలో బండిని ఇచ్చేస్తే అదే రకం కొత్త బండి షోరూము ధరలో సుమారు 4 నుంచి 6 శాతం తుక్కు విలువగా వస్తుంది. దాంతో ఇచ్చే డిపాజిట్ సర్టిఫికెట్ చూపిస్తే కొత్త సొంత బండి రోడ్డు పన్నులో 25 శాతం దాకా రాయితీ ఇవ్వడానికి రాష్ట్రాలకు వీలుంది. ఎంత పాడైన కారునైనా అంతకంటే తక్కువకు ఇచ్చుకోనక్కరలేదు.

ఆ నేలకూ ఆ కప్పుకూ మధ్య చాలా ఖాళీ ఉంది. అందులో ఎక్కడ నిలబడాలన్నదే అసలు ప్రశ్న. 'అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి' అని మన పెద్దలు ఊరికే అనలేదు. తన సరుకు తక్కువకు పోతోందనీ, ఎదుటివాడి సరుకు మండిపోతోందనీ ప్రతి మనిషికీ అనిపిస్తుంది. దాన్ని ప్రయోగం చేసి చూపించినవాళ్ళున్నారు. డేనియల్ కానెమన్, జాక్ నెట్ష్, రిచర్డ్ థేలర్ అనే ముగ్గురు అమెరికాలోని కోర్నెల్ విశ్వవిద్యాలయంలో సగం మంది విద్యార్థులకు ఒక్కో కాఫీ కప్పు ఇచ్చి, మిగతా సగానికి ఇవ్వలేదు. ఎంతకు అమ్ముతారని మొదటివాళ్ళనూ, ఎంతకు కొంటారని రెండోవాళ్ళనూ అడిగారు. కప్పు చేతికొచ్చి నిమిషాలే అయినా, అమ్మేవాళ్ళు చెప్పిన ధర కొనేవాళ్ళు చెప్పిన దానికి సుమారు రెట్టింపు ఉంది. 1990లో అచ్చయిన ఆ పరిశోధనలో వస్తువు కాఫీ కప్పు. పెళ్ళయిన కొత్తలో కొని, పిల్లలను బడికి దించి, తిరుపతికీ శ్రీశైలానికీ తిరిగిన కారు విషయంలో మమకారం ఇంకెంత పైకి ఎగదోస్తుందో చెప్పక్కరలేదు. ఆ మమకారంలో తప్పేమీ లేదు. కొనేవాళ్ళు మాత్రం దానికి డబ్బివ్వరు.

ఇంకో పొరపాటు ఇన్సూరెన్సు కాగితం వల్ల వస్తుంది. అందులో ఐడీవీ అని ఒక అంకె ఉంటుంది. బండి పోయినా, బాగుచేయలేనంతగా దెబ్బతిన్నా కంపెనీ చెల్లించే గరిష్ఠ మొత్తం అది. కొత్త బండి ఆరు నెలలు దాటగానే 15 శాతం, ఏడాది దాటితే 20, ఆ తర్వాత ఏటా పది చొప్పున తగ్గించి, నాలుగేళ్ళు దాటితే 50 శాతం తరుగు కడతారు. ఐదేళ్ళు దాటిన బండికి పట్టికే లేదు. కంపెనీ, యజమాని ఒప్పుకున్న అంకె వేస్తారు. చాలామంది ఆ అంకెనే పట్టుకుని కూర్చుంటారు. అందులో ఈ బండి నడిచిన తీరు లేదు, టైర్ల అరుగుదల లేదు, ఆ మోడల్‌కు ఆ ఊళ్ళో ఉన్న గిరాకీ అంతకన్నా లేదు.

మరి లెక్క ఎలా వేయాలి? ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. రాజమండ్రిలో ఒక కుటుంబం దగ్గర 2014లో రిజిస్టరైన పెట్రోలు హ్యాచ్‌బ్యాక్ ఉంది. ఒకే యజమాని, 78 వేల కిలోమీటర్లు. అదే మోడల్, అదే సంవత్సరం, అటూ ఇటూగా అన్నే కిలోమీటర్లు తిరిగిన కార్ల ప్రకటనలు ఓ పది పదిహేను చూశారు. రెండు లక్షల 30 వేల నుంచి రెండు లక్షల 80 వేల దాకా అడుగుతున్నారు. అవి అడుగుతున్న ధరలే తప్ప అమ్ముడైన ధరలు కావన్నది ముందు గుర్తుంచుకోవాలి. నెలలుగా కదలకుండా పడి ఉన్న ప్రకటన, ఆ ధరకు కొనేవాళ్ళు లేరని చెప్పే సాక్ష్యం. అలాంటివి తీసేస్తే, మంచి స్థితిలో ఉన్న బండి రెండున్నర లక్షల దగ్గర పోతోందని తేలిందనుకుందాం.

ఇక్కడి నుంచి అమ్మేవాళ్ళు కొనేవాళ్ళ కుర్చీలో కూర్చోవాలి. కొన్న మొదటి ఆరు నెలల్లో ఈ బండి మీద ఎంత ఖర్చు పెట్టాలి? టైరు పక్క గోడ మీద ఆఖరున నాలుగు అంకెలుంటాయి. మొదటి రెండూ అది తయారైన వారం, తర్వాతి రెండూ సంవత్సరం. ఈ కారు టైర్ల మీద 1218 అని ఉంది, అంటే 2018లో పన్నెండో వారం. గీతలు బాగున్నా రబ్బరు వయసైపోయింది. నాలుగు టైర్లకు 16 వేలు. నాలుగేళ్ళ బ్యాటరీకి 5 వేలు. క్లచ్ బిగుసుకుంది, ప్లేటు మార్చడానికి 9 వేలు. వెరసి 30 వేలు. రెండున్నర లక్షల్లోంచి తీస్తే రెండు లక్షల 20 వేలు. ఇది కంటికి కనిపించే ఖర్చుల మీద కట్టిన ధర. ఏ మెకానిక్ చూసినా ఇదే చెబుతాడు, కాబట్టి బేరంలో నిలబడుతుంది.

అదే బండిని కార్ల కన్సల్టెన్సీకి తీసుకెళ్తే లక్షా 80 వేలు అంటారు. మోసం చేస్తున్నారని చాలామంది కోపంగా లేచి వచ్చేస్తారు. వాళ్ళ లెక్క కూడా ఒకసారి చూడాలి. వాళ్ళు ఆ బండిని బాగుచేసి రెండు లక్షల 40 వేలకు అమ్మగలరు. అందులో 30 వేలు రిపేర్లు. మిగిలిన 30 వేల తేడాలోంచే స్థలం అద్దె, బండి అమ్ముడయ్యేదాకా డబ్బు ఇరుక్కున్నందుకు వడ్డీ, లాభం, పన్ను రావాలి. ఆ పన్ను గురించి 2024 డిసెంబరులో పెద్ద గందరగోళమే రేగింది. జైసల్మేర్‌లో జరిగిన జీఎస్‌టీ మండలి సమావేశం పాత కార్ల మీద 18 శాతం అనగానే, సొంత కారు అమ్ముకున్నా పన్ను కట్టాలని ప్రచారమైంది. ఆ 18 శాతం రిజిస్టరైన వ్యాపారికి వచ్చే మార్జిన్ మీదే. ఇంటి కారును ఒకరు ఇంకొకరికి అమ్ముకుంటే జీఎస్‌టీ లేదు. కాబట్టి లక్షా 80 వేలకూ రెండు లక్షల 20 వేలకూ మధ్య ఉన్న ఆ 40 వేలు, తెలియనివాళ్ళ ఫోన్లు ఎత్తడానికీ, ఆదివారాలు బండి చూపించడానికీ, కాగితాల వెంట తిరగడానికీ వచ్చే కూలి. ఓపిక, తీరిక ఉన్నవాళ్ళు అది తామే తీసుకోవచ్చు. వచ్చే నెలలో ఊరు మారాల్సినవాళ్ళకు కన్సల్టెన్సీ ధరే న్యాయం.

అమెరికాలో తెలుగువాళ్ళకు ఈ రెండు ధరల సంగతి బాగా తెలుసు. చదువుకోవడానికి వెళ్ళిన కుర్రాళ్ళు చాలామంది మొదట కొనేది పాత కరోలానో, కామ్రీనో, సివిక్కో. లాస్ ఏంజిలిస్‌లో కార్ల వ్యాపారి లెస్ కెల్లీ 1926లో మొదలుపెట్టిన కెల్లీ బ్లూ బుక్‌లో ఇవాళ ఒకే కారుకు డీలరుకు ఇస్తే వచ్చే ధర వేరుగా, మనిషికి మనిషి అమ్ముకుంటే వచ్చే ధర వేరుగా పక్కపక్కనే ఉంటాయి. మన దగ్గర ఆ రెండింటినీ కలిపేసి, ఒకదాన్ని మోసమనీ ఇంకొకదాన్ని న్యాయమనీ అనుకోవడం వల్లే సగం తగాదాలు వస్తాయి.

ధరను ఇంకా లోతుగా తినేసే విషయం అనుమానం. 1970లో జార్జ్ ఆకర్లాఫ్ అనే అమెరికన్ ఆర్థికవేత్త 'ది మార్కెట్ ఫర్ లెమన్స్' అని 13 పేజీల వ్యాసం అచ్చేయించాడు. అంతకుముందు మూడు పేరున్న పత్రికలు దాన్ని తిప్పి పంపాయి. అందులో వాదన పాత కార్ల గురించే. బండిలో లోపమేమిటో అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు. అందుకని కొనేవాడు ప్రతి బండినీ సగం చెడ్డదిగానే లెక్కగట్టి ధర చెబుతాడు. ఆ ధరకు మంచి బండి ఉన్నవాడు అమ్మడు, ఇంటికి తీసుకుపోతాడు. బజారులో చెడ్డ బండ్లు మిగులుతాయి. అది చూసి కొనేవాళ్ళు ధర ఇంకా తగ్గిస్తారు. ఆకర్లాఫ్ 1967-68లో ఢిల్లీలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేశాడు. మన ఆడవాళ్ళు బజారు బియ్యంలోంచి, అదే రంగులో, అదే రూపంలో కావాలని కలిపిన రాళ్ళను ఏరుకోవడం కూడా ఆ వ్యాసంలోకి ఎక్కింది. ఆ 13 పేజీల మీద మొదలైన పనికే 2001లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

మంచి బండి ఉన్న మనిషికి ఈ వాదన ఒక పని చెబుతుంది. బియ్యం ముందే ఏరి చూపించాలి. షోరూములో చేయించినా, వీధి చివర మెకానిక్ దగ్గర చేయించినా సర్వీసు బిల్లులన్నీ వరుసగా పెట్టి ఇవ్వాలి. ఎక్కడ గీసుకుపోయిందో, ఎప్పుడు డెంటింగు పెయింటింగు చేయించారో, ఇన్సూరెన్సు క్లెయిమ్ ఎందుకు తీసుకున్నారో అడగకముందే చెప్పాలి. మీ మెకానిక్‌ను తెచ్చుకుని లిఫ్టు మీద పెట్టి చూసుకోండి అనగలగాలి. క్లచ్ బిగుసుకుందని తనంతట తాను చెప్పి 9 వేలు తగ్గించినవాళ్ళ మిగతా మాటలకు విలువ పెరుగుతుంది. అదే క్లచ్ సంగతి టెస్ట్ డ్రైవ్‌లో బయటపడితే, కొనేవాళ్ళు ఇంజనునూ, గేర్‌బాక్సునూ, మీటరునూ కూడా అనుమానిస్తారు, 9 వేలకు బదులు 30 వేలు తగ్గించమంటారు. నిజం చెప్పడం వల్ల ధర పడిపోతుందని భయపడేవాళ్ళు ఈ రెండో లెక్క వేయడం లేదు.

అనుమానం ఊరికే పుట్టలేదు. మీటరు వెనక్కి తిప్పడం ఈ వ్యాపారంలో పాత జబ్బు. దాన్ని నిషేధించే చట్టం అమెరికాలో 1972లోనే వచ్చింది, అమ్మేవాళ్ళు రీడింగును రాతపూర్వకంగా ఇవ్వాలన్న నిబంధన కూడా అందులో ఉంది. మన దగ్గర వరదల తర్వాత ఇంకో భయం. 2015లో చెన్నై, 2020లో హైదరాబాద్, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు ఎన్నో కార్లు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. వాటిలో కొన్ని తుడిచి, సీటు కవర్లు మార్చి, వేరే జిల్లాల్లో అమ్మకానికి వస్తాయి. వైర్లలో మొదలైన తుప్పు నెలల తర్వాత గానీ బయటపడదు. మునిగిన కారును ఆ మాట దాచి అమ్మడం ధర తప్పు కట్టడం కాదు. కొన్న కుటుంబం నడిరోడ్డు మీద రాత్రిపూట ఆగిపోయే పరిస్థితి తేవడం. విజయవాడ బండి అయినంత మాత్రాన మునిగిందనీ కాదు. ఆ నెల ఇన్సూరెన్సు చరిత్ర చూపిస్తే ఆ అనుమానం అక్కడితో తీరిపోతుంది.

మీటరు గురించి ఇంకో మాట. అమెరికాలో ముగ్గురు పరిశోధకులు రెండు కోట్ల 20 లక్షలకు పైగా పాత కార్ల టోకు అమ్మకాలను పరిశీలించి 2012లో ఫలితాలు ప్రకటించారు. ప్రతి పది వేల మైళ్ళ గీత దగ్గరా ధర మెట్టు దిగినట్టు పడిపోతోంది. 79,900 మైళ్ళ కారుకూ 80,000 మైళ్ళ కారుకూ యంత్రంలో తేడా ఏమీ లేదు, ధరలో మాత్రం ఉంది. మనిషి కన్ను మొదటి అంకె దగ్గరే ఆగుతుంది. మన దగ్గర లక్ష కిలోమీటర్ల గీతకు అంతటి బలం ఉంది. 97 వేల దగ్గర ఉన్న బండిని అమ్మాలని ఎలాగూ నిర్ణయించుకుంటే, ఇంకో వేసవి ప్రయాణం చేశాక చూద్దామనుకోవడం నష్టమే.

వయసులోనూ అలాంటి గీత ఉంది. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళు. ఆ తర్వాత ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్ళకోసారి పొడిగించుకోవాలి. ఆ రుసుము 2022 ఏప్రిల్ నుంచి 600 రూపాయల నుంచి 5 వేలకు పెరిగింది, 20 ఏళ్ళు దాటిన కార్లకు 2025లో 10 వేలు చేశారు. రాజమండ్రి కారుకు 2029 దాకా గడువుంది, అది ఆ కుటుంబానికి బలం. పధ్నాలుగేళ్ళు నిండిన బండైతే పునర్నమోదు ఖర్చు, హరిత పన్ను ఎవరు భరిస్తారో ధరలోనే తేల్చుకోవాలి. ఢిల్లీలో పరిస్థితి ఇంకా కఠినంగా ఉండేది. పదేళ్ళు దాటిన డీజిలు బండ్ల మీద 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ పెట్టిన నిషేధాన్ని 2018లో సుప్రీంకోర్టు నిలిపింది. అందుకే అక్కడి డీజిలు కార్లు చౌకగా ఇతర రాష్ట్రాలకు తరలాయి. తెలుగు రాష్ట్రాలకు తెచ్చుకునేవాళ్ళు ఎన్‌ఓసీ, ఇక్కడ కట్టాల్సిన లైఫ్ ట్యాక్స్ కలిపి చూసుకుంటే ఆ చౌకలో చాలాభాగం కరిగిపోతుంది.

కంపెనీ దేశం విడిచిపోయినా దెబ్బే. షెవర్లే బండ్ల అమ్మకాన్ని జనరల్ మోటార్స్ 2017 చివరకు ఆపేసింది, ఫోర్డ్ 2021 సెప్టెంబరులో ఇక్కడ తయారీ నిలిపేస్తామని ప్రకటించింది. మంచి ఇంజనున్న ఫోర్డ్ ఫీగో యజమాని కూడా విడిభాగాల గురించి కొనేవాళ్ళ భయాన్ని ధరలో ఒప్పుకోక తప్పదు. దగ్గర్లో ఏ మెకానిక్ చూస్తాడో, భాగాలు ఎక్కడ దొరుకుతాయో రాసి ఇస్తే ఆ భయం కొంత తగ్గుతుంది. ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వచ్చాక పాత పెట్రోలు కార్ల మీద కూడా ఇప్పుడు ఇలాంటి ప్రశ్నలే పడుతున్నాయి. మైలేజీ ఎంత వస్తోందో బంకు రసీదులతో చూపించగలిగినవాళ్ళకు అక్కడ వాదన అవసరం ఉండదు.

ఇక బేరం. రెండు లక్షల 20 వేలు సరైన ధర అని తేలితే, రెండు లక్షల 30 వేలు చెప్పి పదివేలు బేరానికి వదలడం మన ఆచారానికి సరిపోతుంది. రెండు లక్షల 80 వేలు చెప్పి దిగుదామనుకుంటే మంచి కొనుగోలుదారు ఫోనే చేయడు. కింది గీత ఎంతో ఇంట్లో అందరూ ముందే అనుకుని ఉండాలి. 'ఇప్పుడే నగదు ఇస్తాను, లక్షా 90 వేలు' అని తొందరపెట్టేవాళ్ళకు రేపు చెబుతామనడం కూడా బేరంలో భాగమే. మూడు వారాల్లో ఒక్కరూ చూడటానికి రాకపోతే తప్పు బజారుది కాదు, ధరది.

ధర కుదిరాక కాగితాలు. అందులోనూ డబ్బుంది. నో క్లెయిమ్ బోనస్ యజమానిదే తప్ప బండిది కాదు. ఏళ్ళ తరబడి క్లెయిమ్ లేకుండా 50 శాతం దాకా తెచ్చుకున్న రాయితీని, కంపెనీ నుంచి సర్టిఫికెట్ తీసుకుని మూడేళ్ళలోపు కొనే కొత్త కారుకు వాడుకోవచ్చు. తెలియక వదిలేసేవాళ్ళు ఎందరో. బ్యాంకు అప్పు తీరిపోయినా ఆర్‌సీలో ఇంకా బ్యాంకు పేరు ఉంటే ఫారం 35తో ముందే తీయించాలి. లేకపోతే ఆ సాకుతోనే పదివేలు తగ్గించమంటారు. అమ్మకానికి ఫారం 29, ఫారం 30. ఒకే రాష్ట్రంలోనైతే అమ్మినవాళ్ళు 14 రోజుల్లో ఆర్టీఏకు తెలియజేయాలని మోటారు వాహనాల చట్టంలోని 50వ సెక్షన్ చెబుతుంది. దీన్ని తేలిగ్గా తీసుకున్నవాళ్ళకు సుప్రీంకోర్టు 2018 తీర్పు పెద్ద హెచ్చరిక. 2007లో అమ్మిన ఒక కారు చేతులు మారుతూ పోయి 2009లో ప్రమాదం చేసింది. రిజిస్టరులో మాత్రం మొదటి యజమాని పేరే ఉంది. పరిహారం బాధ్యత ఆయనదేనని కోర్టు తేల్చింది.

అందుకే బదిలీ ఖర్చు ఎవరిది, ఎన్ని రోజుల్లో పూర్తి చేయాలి అన్నది ధరతో పాటే, అడ్వాన్సు తీసుకునే రోజునే కాగితం మీద పెట్టాలి. డెలివరీ నోటులో తేదీతో పాటు సమయం, మీటరు రీడింగు రాయించి, కొన్నవాళ్ళ ఆధార్ నకలు తీసుకోవాలి. ఫాస్టాగ్ ఆ రోజే మూసేయాలి, లేకపోతే పంతంగి టోల్‌గేటు దగ్గర కొత్త యజమాని దాటినప్పుడల్లా పాత యజమాని ఖాతాలోంచి డబ్బు పోతుంది. ఆ తర్వాత పరివాహన్ వెబ్‌సైట్‌లో బండి నంబరు కొట్టి, ఆర్‌సీ కొత్త పేరు మీదికి మారిందని కళ్ళారా చూసుకునేదాకా ఆ కాగితాల నకళ్ళు ఇంట్లో భద్రంగా ఉంచుకోవాలి.